గుండుతో పోయిన వేషం

సినిమాలో పత్తి మంటల్లో కాలిపోయే జీతగాడి వేషం దొరికిందన్న సంబరంలో, బసవన్న ఉరుకుంద ఈరన్న సామికి మొక్కు తీర్చి గుండు కొట్టించుకున్నాడు. జుట్టు లేదని సినిమావాళ్లు ఇంకొకర్ని పెట్టుకున్నారు. ఆ వేషం పేరు ఊరూరా మార్మోగింది. ఇరవై ఏండ్లుగా ఆదోనిలో ఎవడు ఎదురైనా అదే ఎగతాళి.

ఈ రాత్రి పత్తిమిల్లు కాపలాలో, తిట్టుకుంటానే ఫోన్లో ఆ సినిమా పెట్టినాడు. మంటల సీను వచ్చింది. జీతగాడు లేడు. మిగతావాళ్లంతా ఎవరికోసమో ఎదురుచూస్తాండారు.

మిల్లు గేటు అవతలి నుంచి ఎవరో పిలిచినారు. "జుట్టు పెరిగింది గదా బసవన్నా, రా."

"ఇప్పుడా అప్పా మీకు తీరికయ్యింది? పోండి!" అని కసిరినాడు.

ఫోన్లో అందరూ ఇటు తిరిగినారు. ఒకడు అగ్గిపుల్ల గీసినాడు. ఆ చప్పుడు మాత్రం బసవన్న వెనక, పత్తి కుప్పలోంచి వినిపించింది.