మీరే గెలిచారు

ఫోన్‌లో ఎవరితోనో ఆన్‌లైన్ చదరంగం ఆడుతున్న భర్తకు ఒళ్ళు మండిపోయింది. అవతలివాడికి రాజు ఒక్కడే మిగిలాడు. అయినా ఆట వదలడం లేదు.

"సిగ్గులేని జన్మ! ఓడిపోతున్నానని తెలిశాక మర్యాదగా ఒప్పుకుని తప్పుకోవాలి. ఇలా సాగదీసేవాళ్ళని చూస్తే నాకు రోత," అన్నాడు. వెంటనే ఆట కట్టించే వీలున్నా, వాణ్ణి ఏడిపించడానికి ఒక బంటును రెండో మంత్రిగా మార్చాడు.

భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "దూరపు ఊళ్ళో ఆ నర్సు ఉద్యోగం... రేపే చేరాలంటున్నారండీ. వెళ్ళనా?"

"మళ్ళీ మొదలెట్టావా? వద్దని ఎన్నిసార్లు చెప్పాలి? బుర్రలో గుజ్జు లేకపోవడంలో వీడికీ నీకూ తేడా లేదు."

ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసింది. "సరేనండీ. ఒప్పుకుంటున్నాను. మీరే గెలిచారు."

"హమ్మయ్య! ఇన్నేళ్ళకి నీకూ సంస్కారం అబ్బింది," అని నవ్వి, మూడో మంత్రి కోసం ఇంకో బంటును జరిపాడు.

తలుపు చప్పుడైతే అటు చూశాడు. ఆమె చేతిలో సూట్‌కేసు ఉంది.

"ఎక్కడికి? ఇప్పుడేగా ఒప్పుకున్నావు! ఆగు, కూర్చుని మాట్లాడుకుందాం!"

"ఇంకేం మిగిలిందని?" అంటూ ఆమె మెట్లు దిగిపోయింది.

కింద టాక్సీ డ్రైవరు విసుక్కున్నాడు. "ఎంతసేపమ్మా? వెంటనే వచ్చేస్తానన్నారు కదా!"

"ఏమనుకోకు బాబూ. ఆఖరిసారి అడిగి చూద్దామని ఆగాను," అంది ఆమె, సూట్‌కేసు అందిస్తూ. "ఆయన వెళ్ళమని చెప్పి ఉంటే, వారం వారం ఇంటికి వచ్చేదాన్ని."