ఉప్పు చూడని సూప్

మార్చి పన్నెండు. బర్మింగ్‌హామ్‌లో ఆ సాయంత్రం మా అబ్బాయి ఆదర్శ్ జ్వరంతో సోఫాలో కూర్చుని రెండు గిన్నెల పప్పు సూప్ తాగాడు. పక్కనే మనవరాలు లాస్య, జెరూసలేం కోసం ముస్లింలతో క్రైస్తవులు చేసిన క్రూసేడ్ యుద్ధాల మీద హోంవర్క్ చేస్తోంది.

"రాసుకో," అన్నాడు ఆదర్శ్ కూతురితో. "వాళ్లు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇంగ్లండ్ రాజు రిచర్డ్ ఇంకో నెల ఆగుంటే జెరూసలేం మనదయ్యేది."

"మనదేంట్రా? మనది బందరు," అన్నాను. జెరూసలేం గెలిచే వీరుడికి పారాసిటమాల్ డబ్బా మూత రాలేదు. నేనే తీసిచ్చాను.

"డాడ్, రిచర్డ్‌కి ఫీవర్ వస్తే సుల్తాన్ సలాదిన్ ఫ్రూట్స్, ఐస్ పంపాడట. ఎనిమీకి!"

"అంతా నటన. వాళ్ల చేతి తిండి ఎవడు ముడతాడు?"

"యూ జస్ట్ డిడ్, డాడ్. ఆ సూప్ తాతయ్య చేసింది కాదు, పక్కింటి నస్రీన్ ఆంటీ ఇచ్చింది. రంజాన్ కదా, షీ ఈజ్ ఫాస్టింగ్. టేస్ట్ చూడలేదు, ఉప్పు సరిపోయిందో లేదోనని వర్రీ అయింది."

ఆదర్శ్ చేతిలోని ఖాళీ గిన్నె కింద పెట్టాడు.

నేను ఆవిడ సూప్ పోసిచ్చిన డబ్బా కడిగి, ఇచ్చొద్దామని బయల్దేరాను.

"ఆగండి నాన్నా. ఖాళీ డబ్బా ఇస్తారా? అమ్మ ఎప్పుడైనా అలా ఇచ్చిందా?"

దుప్పటి కప్పుకునే లేచాడు. ఎవరికీ పెట్టకుండా దాచుకున్న బందరు లడ్డూలు ఆరు అందులో సర్దాడు. డబ్బా నా చేతికివ్వలేదు.

"నేనే వెళ్తాను. ఉప్పు సరిపోయిందని చెప్పాలి."

పక్కింటివాళ్లు వినాలనే రోజూ దడాలున వేసే తలుపును, తిరిగొచ్చాక చప్పుడు కాకుండా మూసి గడియ పెట్టాడు.