రెండేసి కౌగిళ్ళు

ఆ రోజు ఫిబ్రవరి రెండు, కాందెలారియా పండుగ. అరిటాకుల్లో ఉడికిన మొక్కజొన్నపిండి తమాలెలు కడుపునిండా తిని ఎవారిస్తో పడవ సామాన్ల కొట్టు తెరిచాడో లేదో, పడవ నడిపే క్రిస్పిన్ మళ్ళీ ఊడిపడ్డాడు. జుట్టుకు కొత్తగా నల్లరంగు.

"రెండు కౌగిళ్ళియ్యవోయ్" అన్నాడు, కొట్టు వెనకున్న ఇంట్లోకి మెడ సాచి.

గొట్టాన్ని బిగించే ఉక్కుపట్టీని అల్వరాదో రేవులో 'అబ్రసాదెర' అంటారు, కౌగిలించుకునేదని. లోపల అత్తగారు దొన్యా చోనా ఏదో గొణిగింది. భార్య నీవెస్ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఎవారిస్తోకి ముల్లులా గుచ్చుకుంది.

"నిన్ననేగా పట్టుకెళ్ళావు?"

"పెట్రోలు గొట్టమాయె! ఒక్క కౌగిలి జారితే పడవంతా నిప్పే. కొసకి రెండేసి ఉండాలి."

"చిల్లుల పట్టీనా, నున్నటిదా?"

"నున్నటిదే. చిల్లులది గొట్టాన్ని కొరుకుతుంది. మెత్తగా పట్టుకునేదే నాకిష్టం."

లోపల మళ్ళీ నవ్వు.

సాయంత్రం ఎవారిస్తో ఉండబట్టలేక రేవుకి వెళ్ళి క్రిస్పిన్ పడవలోకి తొంగిచూశాడు. పెట్రోలు గొట్టానికి పాత పట్టీలే బిగువుగా ఉన్నాయి. తను అమ్మినవన్నీ ఒక డబ్బాలో పడున్నాయి, పొట్లాలైనా విప్పకుండా.

విసవిసా ఇంటికొచ్చాడు. నీవెస్ ఎర్రగౌను ఇస్త్రీ చేస్తోంది.

"ఎందుకది?"

"పండుగ నాట్యానికి."

"క్రిస్పిన్‌తోనా?"

ఆమె ఉలిక్కిపడింది. "నీకెవరు చెప్పారు?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"వానాకాలం నుంచి. గోల చేస్తావని చెప్పలేదు. మనసుపడ్డవాళ్ళని ఎవరాపగలరు, చెప్పు? నువ్వూ కాస్త పెద్దమనసు చేసుకో."

"నా కొంపలో, నా కళ్ళముందు, పైగా పెద్దమనసు కూడా నేనే చేసుకోవాలా!"

ఎవారిస్తో చొక్కాలన్నీ సంచిలో కుక్కాడు. నీవెస్ బిత్తరపోయి గౌను తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. అతను సంచి భుజానేసుకుని లేచేసరికి గది తెర తొలగింది.

ఎర్రగౌనులో, జడలో మల్లెలతో అత్తగారు బయటికొచ్చి, "నువ్వెక్కడికి అల్లుడూ? నన్ను తీసుకెళ్ళడానికి క్రిస్పిన్ వచ్చాడు, మీరిద్దరూ పడుకోండి" అని, వీధితలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయింది.