శుక్రవారం మనవి

ఇస్నాపూర్ చౌరస్తాలో మూడో ఆటో కూడా బక్కమ్మను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

ఆమె ఎక్కేసరికి మరో నాలుగు గిరాకీలు పోతాయని డ్రైవర్ల బాధ. వాళ్లను అని ఏం లాభం? మందుగోలీల కంపెనీలో ఇరవై ఏళ్లు నేల తుడిచిన మోకాళ్లు అవి.

"యాడికి పెద్దమ్మా?" స్కూటీ ఆపి అడిగాడు ఒకతను. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో కంపెనీ కార్డు.

"చర్చికి బిడ్డా. ఉపవాస ప్రార్థన."

"నేను గూడ ఆడికే. కూసోండ్రి."

"నిన్నెప్పుడు సూడలే మా చర్చిల?"

"ఇయ్యాల్నే మొదలు. పేరు చంద్రకాంత్. మాది జహీరాబాద్ దిక్కు."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం వచ్చాడు. సెకండ్ షిఫ్ట్ అట, పొద్దున ఖాళీ. చెయ్యి పట్టి బండి ఎక్కించేవాడు, చెయ్యి పట్టి దించేవాడు. ప్రార్థన అయ్యాక ఆమె మోకాళ్ల మీంచి లేవలేకపోతే మగవాళ్ల వైపు నుంచి అతనే వచ్చి లేపేవాడు.

శుక్రవారం ఎవరి మనవి వాళ్లు పైకి చెప్పుకోవాలి. ఒకామెకు పింఛను రావాలి. ఇంకొకామె మొగుడు తాగుడు మానాలి. బక్కమ్మది మూడేళ్లుగా ఒకటే మనవి.

"నా కొడుకు దయాకర్‌ను పట్టుకున్నోడు వాని బతుకుల నుంచి పోవాలె. తొలగించు తండ్రీ!"

దయాకర్ అమీన్‌పూర్‌లో ఇంకో మగవాడితో కలిసి బతుకుతున్నాడు. దాచగలిగినన్నాళ్లు దాచింది గానీ, ఒడిలో నిప్పు ఎన్నాళ్లు దాగుతుంది? "వాణ్ణి ఇడిసిపెట్టినంకనే నా గడప తొక్కు" అని కొడుకుతో తెగేసి చెప్పింది. అతను ఆ మనిషి పేరు చెప్పబోతే చెవులు మూసుకుంది. అమీన్‌పూర్ ఎంతో దూరం కాదు. అయినా కన్నకొడుకు ముఖం చూసి మూడేళ్లు.

"ఆమెన్" అనేవారు అందరూ. అందరితో పాటు చంద్రకాంత్ కూడా.

ఒక శుక్రవారం మాట పెరిగింది.

"లేఖనం ఒప్పుకోదు. పాపం పాపమే" అంది వీరలక్ష్మి, పాటలు ఎత్తుకునే ఆమె.

"కాదనే దైవజనులు గూడ ఉన్నరు. వాళ్లు చదివేది గూడ ఇదే బైబిలు" అంది పాస్టరమ్మ. "అది అట్లుంచు. కన్నకొడుక్కు తలుపు మూయుమని ఏ లేఖనంల ఉంది బక్కమ్మా?"

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి కళ్లు నలుముకున్నారు. "నలభై ఏండ్ల సంది చదువుతున్న. నాకైతే పాపమనే కనవడతది. మా ఇంట్లనే నా మాట చెల్లుత లేదు, ఇగ ప్రార్థన చేద్దాం" అన్నారు.

తిరుగుదారిలో బక్కమ్మ అడిగింది.

"నువ్వేమంటవ్ బిడ్డా?"

"ఈ రెండు మాటలు చిన్నప్పటి సంది వింటున్న పెద్దమ్మా. అలసిపోయిన."

"నేను గూడ" అంది బక్కమ్మ. నిజంగానే అలసిపోయింది. పాపమో కాదో తేల్చే చదువు తనకు లేదు. ఉన్నది ఒక్క కొడుకు.

"నీ మనవేందో పైకి చెప్పనే చెప్పవు. పెండ్లాంతోని పడ్తలేదా?"

అతను నవ్వాడు. "ఇంట్ల శాంతి సమాధానాలు గావాలె. గంతే."

కొంతదూరం పోయాక మళ్లీ అతనే అన్నాడు. "పెద్దమ్మా, నా కొడుకు ఇంటికి రావాలె అని అడిగితే సాలదా? ఇంకొకర్ని తొలగించుమనుడు ఎందుకు?"

"వాడు పోకుంటే నా కొడుకు ఎట్లొస్తడు? నాకు ఓపిక లేదు బిడ్డా. సచ్చేలోపు ఒక్కపారన్న నా కొడుకు నా చేతి బువ్వ తినాలె."

చంద్రకాంత్ బండి పక్కకు ఆపాడు. కంపెనీ బస్సులు రెండు దాటిపోయాయి.

"వస్తడు పెద్దమ్మా. జల్దీనే వస్తడు" అన్నాడు చివరికి.

తర్వాతి శుక్రవారం అతను రాలేదు. బక్కమ్మ చౌరస్తాలో గంటసేపు నిలబడింది. "ఈ కాలపు పోరగాండ్ల భక్తి గింతే" అని గొణుక్కుంటూ కాళ్లీడ్చుకుంటూ పోయింది.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే ఎదురుగా దయాకర్. చేతిలో సంచి. మనిషి సగమైపోయాడు.

"ఒక్కనివే వచ్చినవా?"

"ఒక్కన్నే అమ్మా."

ఆ పూట బక్కమ్మ చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. "నా మొర విన్నడు. తొలగించుమన్నోణ్ణి తొలగించిండు." చప్పట్లు మోగాయి. పాస్టరమ్మ మాత్రం దయాకర్ ముఖం చూసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికొచ్చి బక్కమ్మ వేడి వేడి అన్నం వడ్డించింది. ఆమె గుండె నిండిపోయింది. దయాకర్ కలుపుతున్నాడే గానీ ముద్ద ఎత్తడం లేదు.

"చంద్రకాంత్ అని ఒక పిల్లగాడు, నన్ను కన్నతల్లి లెక్క సూసుకున్నడురా. నిన్ను సూస్తే ఎంత సంబురపడునో! ఏమాయెనో, మొన్న రాలే."

"ఇగ రాడమ్మా. నన్ను నీ దగ్గరికి పొమ్మని, గుజరాత్‌ల ఏదో కంపెనీల చేరెతందుకు ఎల్లిపోయిండు."

"నీకెట్ల ఎరుక?"

"నీ మోకాళ్లు బాగలేవని తెలిసి, నేనే నీ కాడికి తోలిన వాణ్ణి."

బక్కమ్మ చేతిలో గరిటె ఆగింది.

"మూడేండ్ల సంది నువ్వు ఉపాసముండి తొలగించుమన్నది గా చంద్రకాంత్‌నే అమ్మా."