పద్నాలుగు కిలోలు

“పిల్లలకు వైద్యం ఎట్లందుతుందో చూడనీకి రేపు ఆఫీసర్లు వస్తున్నరు. అన్నీ మంచిగనే ఉన్నయని ఈడ వేలుముద్ర వెయ్యమ్మా,” అంటూ నర్సు కాగితం ముందుకు జరిపింది.

సిరా అంటిన సంతోషమ్మ చేతిని కూతురు ఆరాధన పట్టుకుని ఆపింది. పదో తరగతి పిల్ల. కొత్తవాళ్ల ముందు నోరు విప్పదు.

“ఆగు అవ్వా. తమ్మున్ని వచ్చిననాడే కాంటా పెట్టిన్రని రాసుంది. పద్నాలుగు కిలోలట!”

మంచం మీద మూడేళ్ల ఫిలిప్ మళ్లీ వాంతి చేసుకున్నాడు. మూడు రోజులుగా మందు పడగానే ఇదే వరుస.

“చూస్తె తెల్వదా? అందాజగ రాసిన,” అంది నర్సు. “నలభైమందికి నేనొక్కదాన్నే.”

“మందు గూడ గా అందాజ మీదనే పోస్తున్నరా సిస్టర్?”

నర్సు కాగితాన్ని ఇంకాస్త ముందుకు తోసింది.

అయినా ఆరాధన ఆగలేదు. “వడ్ల బస్తాకు మూడుసార్లు కాంటా పెడ్తరు. మా తమ్మునికి ఒక్కసారి పెట్టరాదా?”

మూలనున్న కొత్త కాంటాకు ప్లాస్టిక్ కవరైనా విప్పలేదు. దాన్ని చించేసి, తమ్ముణ్ణి ఎత్తుకొచ్చి కూర్చోబెట్టింది. ముల్లు పదకొండు దగ్గర ఆగింది.

నర్సు ముఖం పాలిపోయింది. “డాక్టర్ సారును పిలుస్త,” అని గొణుగుతూ మందు సీసా పక్కన పెట్టేసింది.

పక్క మంచం బుచ్చవ్వ తన కాగితం పట్టుకొచ్చింది. “నాకు సదువు రాదు బిడ్డా. నా మనుమరాలిది ఎంత రాసిన్రో జర చూడు.”

“పద్నాలుగే,” అంది ఆరాధన.

వార్డులో మంచాలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. తల్లులు పిల్లలను చంకనెత్తుకుని కాంటా ముందు వరుస కట్టారు.