తీర్పు జనానిదే

"అట్టకత్తి చూసి ఎవడేడుస్తాడ్రా? నిజం కత్తే పట్టుకురా," అన్నాడు వెంకటప్పయ్య, మొహానికి పౌడరు అద్దుకుంటూ.

బద్యా కదల్లేదు. "ముందు నా మోటారియ్యి సావుకారు. మిరప తోట ఎండుతాంది."

"వడ్డీ కట్టకపోతే మోటారు పీక్కురాక ముద్దు పెట్టుకుంటారా? నాటకం అయ్యాక చూద్దాం. మీసం పెట్టుకో."

వెంకటప్పయ్య సొసైటీ చైర్మన్ పదవికి నిలబడ్డాడు. అందుకే ఆ పాత నాటకం మళ్ళీ వేయిస్తున్నాడు. బాకీ తీర్చలేనివాడి గుండె దగ్గర మాంసం కోసుకుంటానని పట్టుబట్టే వడ్డీ వ్యాపారి కథ అది. ఊరందరి దగ్గరా వడ్డీ పిండే పెద్దమనిషి, అప్పుపడ్డ అమాయకుడి వేషం తానే తీసుకున్నాడు. వడ్డీ వ్యాపారి వేషం బద్యాకు అంటగట్టాడు. తీర్పు న్యాయమూర్తి కాదు, జనమే చెప్పాలని మార్చింది కూడా ఆయనే. ఊరంతా "వదిలెయ్" అని ఏడిస్తే ఓట్లు పడ్డట్టేనట.

సాయంత్రానికి ముందు వరుసలో ఆయన భార్య నిర్మలాదేవి వచ్చి కూర్చుంది. ఎన్నికల ఖర్చుకని ఆయన ఆమె నగలన్నీ తాకట్టు పెట్టగా, మెడలో పసుపుతాడే మిగిలింది.

తెర లేచింది. వెంకటప్పయ్య చొక్కా విప్పి, బూర్గంపాడు నుంచి తెప్పించిన మైకు ముందు బోరుమన్నాడు. బద్యా కత్తి ఎత్తాడు. న్యాయమూర్తి వేషంలో ఉన్న కవిత జనం వైపు తిరిగింది.

"కొయ్యాల్నా, వదలాల్నా? మీరే చెప్పుండ్రి."

వెంకటప్పయ్య ఇంకాస్త జాలిగా మొహం పెట్టాడు.

"కొయ్యి!" అంది ముందు వరుస నుంచి ఓ ఆడగొంతు.

అంతే. "కొయ్యి! కొయ్యి!" ఊరంతా అందుకుంది. ముసలి పిచ్చయ్య చేతికర్ర ఊపుతున్నాడు. "జర పక్కకు జరిగి కొయ్‌రా, నాక్కూడ కనవడాలె!"

కత్తి మొన ఛాతీకి తగిలింది. ఈసారి వెంకటప్పయ్యకు కన్నీళ్ళు నిజంగానే వచ్చాయి.

"ఒరేయ్, నీ మోటారిచ్చేస్తా. దించరా," అని గొణిగాడు.

"మైకుల చెప్పు సావుకారు."

"బద్యా మోటారు రేపు పొద్దున్నే ఇచ్చేస్తున్నా!"

బద్యా కత్తి దించాడు. చప్పట్లు మోగాయి. నిర్మలాదేవి మాత్రం కొట్టలేదు. లేచి నిలబడింది.

"అప్పుడే దించావేం బద్యా? నా నగల సంగతి తేలనియ్యి."