పాప ఏడుపుకు సంజాయిషీ

విమానంలోని సమస్త ప్రయాణికులకూ, తలుపు వెనకున్న పైలట్‌గారికీ సాష్టాంగపడి క్షమాపణలు. మా అక్క కూతురు, ఏడాదిన్నర పిల్ల, మీ చెవులు చిల్లులు పడేలా ఏడ్చింది.

నేను పిల్లిలా అరిచాను, కుక్కలా మొరిగాను. అది ఇంకా శ్రుతి పెంచింది.

"పాలు పట్టలేకపోయావా బాబూ?" అంది పక్క సీటు పెద్దావిడ.

"పట్టానండీ. సగం నా చొక్కా తాగింది."

"మేనమామవి, ఆమాత్రం ఓదార్చలేవా? నిద్రొస్తోందేమో, జోకొట్టు."

నేను జోకొట్టాను.

నిజానికి ఎక్కగానే అది హాయిగా నిద్రపోయింది. విమానం నేల వదలగానే నాకు గుండె జారిపోయింది. ఎవరి చెయ్యి పట్టుకోవాలో తెలియక దాన్ని తట్టి లేపింది నేనే.